ఆలూరు గోడమీది నా ఉత్తరం

మెహిదీపట్నం నుంచి చేవెళ్ళ నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అక్కడినుంచి ఆలూరు మరికాస్త ముందుకు. పొద్దున బస్సెక్కినవాళ్ళు పని చూసుకుని చీకటిపడకముందే ఇల్లు చేరవచ్చు. నాకు మాత్రం వెళ్ళడానికే రెండు రోజులు పట్టింది. ఆలస్యం బస్సులది కాదు, నాది. నేను రాసిన ఒక ఉత్తరాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి బయల్దేరాను. రాసేటప్పుడు ఎంత సంబరంగా రాశానో, తెచ్చుకోవడానికి కాళ్ళు అంతగా మొరాయించాయి.

ముందు ఆ ఉత్తరం సంగతి చెప్పాలి. హైదరాబాదులో వీధికో కంప్యూటర్ కోర్సు వెలసిన రోజులవి. నా తోటివాళ్ళంతా రాత్రికి రాత్రి సాఫ్ట్‌వేరులోకి దూకేశారు. నేను ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో, పుండ్ల చీములోంచి తీసిన బాక్టీరియాను పెంచుతూ ఉండిపోయాను. తణుకు దగ్గర మా ఊళ్ళో ఎవరైనా అడిగితే మా అమ్మ, "అదీ కంప్యూటర్ లాంటిదే, కాకపోతే కంటికి కనపడదు" అని చెప్పేది.

మా పని ఏమిటంటే, దవాఖానాలో ఇచ్చే మందులకు లొంగని బాక్టీరియా మీద ఊళ్ళలో వాడే ఆకుల సారం పనిచేస్తుందేమో చూడడం. పనిచేస్తే, అది మనిషి ఒంటికి కీడు చేయదు కదా అని మళ్ళీ చూడడం. రెండూ కలిస్తేనే పరీక్ష. ఆలూరులో సాయవ్వ అనే పెద్దావిడ పుండ్లకు ఒక ఆకు నూరి కట్టు కడుతుందని తెలిసి, రెండేళ్ళ కిందట వెళ్ళి ఆ ఆకు తెచ్చాను. దాని పేరు ఇక్కడ రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మొదటి పరీక్షలో, ఏ మందుకూ చావని బాక్టీరియా ఆ ఆకు సారం చుక్క చుట్టూ గుండ్రంగా చచ్చిపోయింది. గాజు పళ్ళెంలో ఆ ఖాళీ వలయం చూసి ల్యాబంతా గంతులు వేశాను. మా సారు "రెండోది కూడా కానీ, తొందరెందుకు" అన్నారు. నేను ఆగలేదు. అదే సాయంత్రం కాలేజీ కాగితం మీద, కింద గుండ్రటి సీలు కొట్టి సాయవ్వకు ఉత్తరం రాశాను. "మీరిచ్చిన ఆకు రసం, మందులకు లొంగని క్రిములను మా పరీక్షలో చంపింది. మీకు ధన్యవాదాలు." కింద నా సంతకం.

రెండో పరీక్షకు ఏడాదికి పైగా పట్టింది. సీసాలో పెంచిన జీవకణాల మీద ఆ సారం వేసి చూస్తే ఒక రోజు బాగున్నాయి. రెండో రోజూ బాగున్నాయి. మూడో రోజు దాటాక చావడం మొదలుపెట్టాయి. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. నేను ఆ ఫలితం కూడా రాసి పంపాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ నెలలు గడిపాను. చేవెళ్ళ నుంచి వచ్చి మా ల్యాబులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, "మేడం, ఆలూరుల మీ లెటర్‌కు ఫ్రేమ్ కట్టించి గోడకు ఏలాడదీసిన్రు!" అని నవ్వుతూ చెప్పిన రోజున మాత్రం నాకు అన్నం సహించలేదు.

గండిపేట

ఉత్తరం కోసమే వెళ్తున్నానని నాకు నేను ఒప్పుకోలేక, దారిలో ఎంకపల్లి దగ్గర పెరిగే అదే ఆకు తాజాగా తేవాలని ఒక సాకు పెట్టుకున్నాను. అందుకు ఒక థర్మోకోల్ పెట్టెలో ఐసు నింపుకున్నాను. బస్సులో కండక్టరు దాన్ని అనుమానంగా చూశాడు.

"చేపలా మేడం? వాసనొస్తే ఎనకకు పోవాలె మరి."

"చేపలు కాదండీ, ఉత్త ఐసే."

"ఉత్త ఐసు ఎవలన్న మోస్తరా?" అని నవ్వి, బస్సంతటికీ ఆ మాట చెప్పాడు.

గండిపేట దగ్గర దిగవలసిన పనే లేదు. దిగాను. చెరువు నిండుగా ఉంది. దాని ఒడ్డు మాత్రం నేను రెండేళ్ళ కిందట చూసినట్టు లేదు. ఎత్తయిన ప్రహరీలు, వాటికి గేట్లు, గేట్లకు ఇనుప టోపీల్లాంటి దీపాలు. కాలేజీ పిల్లలు మోటారు సైకిళ్ళమీద జంటలు జంటలుగా వచ్చి నీళ్ళవైపు కాకుండా ఆ ఇళ్ళవైపు చూస్తూ నిలబడ్డారు.

బొగ్గుల మీద మక్క కంకులు కాల్చే ఒకామె పక్కన కూర్చున్నాను. మావైపు వాటిని మొక్కజొన్న పొత్తులంటాం, ఉప్పు రాస్తాం. ఇక్కడ నిమ్మచెక్కను కారంలో ముంచి రుద్దుతారు. అయిదు రూపాయలు. నోరు మండింది కాని బాగుంది. ఏం పని చేస్తావని అడిగింది. మందులు పరీక్ష చేస్తానన్నాను.

"అయితే నా మోకాళ్ళ నొప్పులకు ఏమన్న రాసియ్యరాదు బిడ్డా?"

"నేను డాక్టర్ని కాదమ్మా."

"డాక్టరు కాకుంటే ఏమాయె, సదువుకున్నదానివి. కాయిదం మీద రాసిస్తే సగం నొప్పి ఆడ్నే పోతది."

ఆమె నవ్వుతూనే అంది. సగం తిన్న కంకి చేతిలో పట్టుకుని నేను తరవాతి బస్సెక్కేశాను.

మొయినాబాద్

మొయినాబాద్‌లో బస్సు దిగుతుంటే చెప్పు తెగింది. పెట్టె ఒక చేతిలో, చెప్పు ఒక చేతిలో పట్టుకుని కుంటుకుంటూ రోడ్డు దాటాను. చిలుకూరు గుడికి వెళ్ళే కుర్రకారు వీసాల గురించి మాట్లాడుకుంటూ ఆటోల కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కనే గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టే పెద్దమనిషి ఉన్నాడు. దారం లాగుతుంటే ఆయన బొటనవేలి మీద కొత్తగా మానిన గాటు కనిపించింది.

"ఏమైందన్నా వేలికి?"

"తోలు కుట్టే ఆర దిగింది మేడం. ఆలూరు ఆకు కట్టిన, రెండొద్దులల్ల మానింది. మంచి ఆకు గది. సర్కారోళ్ళు గూడ పరీక్ష జేసి కాయిదం ఇచ్చిన్రట."

సర్కారువాళ్ళు కాదు, నేనే అని చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం సిగ్గులేకుండా సంతోషించాను. నా ఆకు, నా పరీక్ష, ఒక ముసలాయన వేలు. చెప్పు కుట్టినందుకు ఆయన అడిగింది మూడు రూపాయలు, నేను అయిదు ఇచ్చి చిల్లర వద్దన్నాను. ఎంకపల్లి ఆటోలో కూర్చున్నాక గాని నాకు ఆ సంతోషం మీద కోపం రాలేదు.

ఎంకపల్లి

ఎంకపల్లిలో నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే, యాదయ్యన్నది. మొదటిసారి ఆకు ఎక్కడెక్కడ పెరుగుతుందో చూపించింది ఆయనే. ఆయన భార్య బాలమణి నన్ను చూడగానే చెంబుతో నీళ్ళిచ్చి, "ఏం అక్కా, గిన్నొద్దులకు యాదికొచ్చినమా?" అంది.

ఆకు పెరిగే గుట్టవారకు వెళ్ళాం. గుట్టవార లేదు. ఎర్రమట్టి చదునుచేసి, సున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతారు. మధ్యలో ఒక రేకుల గది, గోడ మీద ప్లాట్ల పటం. యాదయ్యన్న చాలాసేపు ఆ రాళ్ళమధ్య వంగి వెతికి, చివరకు ఒక మూల నాలుగు మొక్కలు చూపించాడు.

"నిరుడు దాంక ఈడ మోకాలెత్తు ఉండె. బుల్డోజర్‌కు గడ్డేది, మందేది ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

ఆ నాలుగింటినీ కోయబుద్ధి కాలేదు. అప్పటికి పెట్టెలో ఐసు కూడా సగం నీళ్ళయింది. పారబోశాను.

ఆ పూట వాళ్ళింట్లోనే ఆగిపోయాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వంకాయ కూర. మావైపు జ్వరంలో ఉన్నవాళ్ళకు తప్ప అన్నం లేని విస్తరి ఉండదు. ఇక్కడ రొట్టె తిన్నాక అన్నం ఏదని నేనడిగితే బాలమణి నన్నే వింతగా చూసింది. పొద్దున్నే యాదయ్యన్న తాజా కల్లు తెచ్చి నాకూ ఒక గ్లాసు పోశాడు. తణుకులో ఒక ఆడపిల్లకు ఎవరైనా అలా పోస్తే ఊరు ఊరంతా పంచాయితీకి కూర్చుంటుంది. ఇక్కడ అది మర్యాద. రెండు గుక్కలు తాగాను, తియ్యగా ఉంది.

బయల్దేరుతుంటే యాదయ్యన్న, "ఆలూరుకేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఏదో చెప్పబోయి భార్యవైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "పో అక్కా, జర పైలం," అంది అంతే. ఏమిటని అడిగి ఉండవలసింది. అడగలేదు.

చేవెళ్ళ

చేవెళ్ళలో దిగేసరికి కూరగాయల బండ్లు నగరానికి వెళ్ళిపోయాయి. రోడ్డంతా టమాటాలు నలిగి ఉన్నాయి. ఒకవైపు బుట్టల్లో గులాబీలు. పెద్ద హోటళ్ళకట, పువ్వు పువ్వుకూ కాగితం చుడుతున్నారు. పుదీనా కట్ట నగరంలో నేను కొనే ధరలో సగం కూడా లేదు.

రెండో పరీక్ష ఫలితంతో కొత్త ఉత్తరాన్ని నేను ల్యాబులోనే రాసుకొచ్చాను. దానికి ఒక నకలు తీయించుకుందామని బస్టాండు ఎదుటి జిరాక్స్ షాపులోకి వెళ్ళాను. మిషను దగ్గర ఉన్న అమ్మాయి అప్పటికే ఏదో కాగితం కాపీలు తీస్తోంది. ఒక్కొక్కటీ బయటికి వచ్చి పళ్ళెంలో పడుతోంది. పైన మా కాలేజీ పేరు. కింద గుండ్రటి సీలు. దాని పక్కన నా సంతకం.

"ఇదేంటమ్మా?"

"ఆలూరు ఆకు కాయిదం మేడం. మస్తు మంది తీస్కపోతరు. కాపీకి రూపాయి."

"ఎందుకు తీసుకుపోతారు?"

"ఆకు కట్టుకునేటోళ్ళు జేబుల పెట్టుకుంటరు. ఇండ్లల్ల ఎవరన్న దవాఖానకు పోదామంటే తీసి సూపెడ్తరు."

ఒక ఉత్తరాన్ని వెనక్కి తెచ్చుకోవాలని వచ్చినదాన్ని. అది ఎన్నైందో, ఎన్ని జేబుల్లో ఉందో ఆ అమ్మాయికే తెలియదు. నా కొత్త ఉత్తరం సంచిలోంచి తీయకుండానే బయటికి వచ్చేశాను.

ఆలూరు

సాయవ్వ ఇంటి అరుగు మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకామె చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. నలభై ఏళ్ళ మనిషి ఒకాయన కుడిపాదం పాత తువ్వాలలో చుట్టి, గోడకు ఆనుకుని ఉన్నాడు. తలుపులోంచే కనిపించింది నా ఉత్తరం, గాజు పలక వెనక, పసుపు బొట్టుతో.

లోపలికి వెళ్ళాను. సాయవ్వ నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. రెండేళ్ళలో మనిషి సగమైంది. గుర్తుపట్టాక లేవలేదు, నవ్వలేదు. "వచ్చినవా బిడ్డా," అంది.

నేను నీళ్ళు కూడా తాగకుండా చెప్పేశాను. ఇంకో పరీక్ష చేశామని, మూడు రోజులు దాటితే ఆ ఆకు మంచి కండను కూడా చంపుతోందని, పాత ఉత్తరం తీసుకుపోవడానికి వచ్చానని. ఆవిడ అంతా విన్నది. తరవాత అడిగింది.

"గీ సంగతి తెలుసుకునేటందుకు మీకు రెండేండ్లు పట్టిందా?"

"అవునవ్వా."

"నేను నీకు గాదినమే చెప్పిన గద."

నాకు అర్థం కాలేదు. ఆవిడ ఎదుటి గోడవైపు చూస్తూ, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"మా అవ్వ నాకు చెప్పింది, నేను నీకు చెప్పిన. మూడొద్దులే కట్టాలె. నాలుగో పొద్దుకు పుండు మొఖం మారకపోతే ఆకు పారెయ్యి, మనిషిని లేపి దవాఖానకు తోలు. చక్కెర బీమారోళ్ళకు అసలే కట్టొద్దు. నువ్వు తలకాయ ఊపినవ్. రాసుకుంటున్నవని నేననుకున్న."

నా పాత నోటుపుస్తకం సంచిలోనే ఉంది. తీశాను. మొక్క పేరు, వాడే భాగం, కోసిన చోటు, నూరే తీరు, అన్నిటికీ గళ్ళు గీసి పొందికగా నింపాను. చివర 'ఇతర విషయాలు' అనే గడిలో నా చేతిరాత ఉంది. "కొన్ని నమ్మకాలు చెప్పింది. అవసరం లేదు."

ఆ పేజీ ఆవిడకు చూపించలేదు. ఆవిడకు చదువు రాదు కాబట్టి చూపించినా పర్వాలేదు, అయినా పుస్తకం మూసేశాను.

"మా తమ్ముడు నర్సింలు ఉండె," అంది సాయవ్వ. "ఆటో తోలుతుండె, చేవెళ్ళ నుంచి పట్నం దాంక టమాటలు తీస్కపోతుండె. చక్కెర బీమారి. కాలి ఏలు మీద పుండయింది. దవాఖానల మందులు గుచ్చిన్రు, పనిజెయ్యలే. గీ పుండుల ఉన్న పురుగు మా మందులకు సస్తలేదు, ఏలు తియ్యాలె అన్నరు. కాలు పోతే బిరేకు ఎట్ల తొక్కుత అని ఉరికొచ్చిండు నా తాన."

సాయవ్వ గోడమీది పటం వైపు చెయ్యి చూపించింది.

"నేను కట్టనన్న బిడ్డా. చక్కెరోనికి కట్టొద్దని మా అవ్వ మాట అన్న. గా గోడమీది కాయిదం తీసి నా ఒళ్ళె పెట్టిండు. 'అక్కా, దవాఖాన మందుకు సావని పురుగునే గీ ఆకు సంపిందని సదువుకున్నోళ్ళు సీలు గొట్టి రాసిన్రు, నువ్వు అవ్వ మాట అవ్వ మాట అంటవేంది' అన్నడు. నాకు సదువు రాదాయె. నీకంటే నాకెక్కువ ఎరుకా అనుకున్న. మూడొద్దులు కట్టిన. ఇంకో మూడొద్దులు అన్నడు. ఇరవై ఒద్దులు కట్టిన నా చేతులతోని. కాలు నల్లబడ్డంక తీస్కపోయినం. రాలే మల్ల."

"ఎప్పుడవ్వా?" అన్నాను.

"మక్కలు ఇత్తేటప్పుడు."

అంటే మొక్కజొన్న విత్తే తొలకరిలో, నేను రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపిన నెలల్లోనే. రెండో పరీక్ష ఫలితం అప్పటికి నా బల్ల సొరుగులో ఉంది. నేను అక్కడున్న ఒక పీట మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ ముందు ఏడిచే హక్కు నాకు లేదని తెలిసీ ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. పక్కింటామెను పిలిచి చాయ్ పెట్టమంది.

చాయ్ తాగాక, ఇక ఆ పటం దింపనా అని అడిగాను.

"ఎందుకు?"

"తప్పు రాశాను కదవ్వా. తీసుకుపోతాను. ఇదిగో, కొత్తది రాసుకొచ్చాను."

సాయవ్వ కొత్త కాగితాన్ని ముట్టుకోలేదు.

"నువ్వు పాతది తీస్కపోతే, మా తమ్ముడు ఊకెనే మొండికేసి సచ్చినట్టయితది. వాడు సదివిందేందో అందరికి తెల్వాలె. గదీగాక, మంది జేబులల్ల ఉన్నయి గవి. మూడొద్దులైంది, లేచి దవాఖానకు నడువుమని నేనంటె, నీ కాయిదమే తీసి నాకు సూపెడ్తున్నరు. నా మాట ఎవలింటరు? పటం దించు. నువ్వు రాసిన దాని కిందనే రాయి. నీ చేతితోనే రాయి."

పటం దింపి వెనక మేకులు పీకాను. సీలు కింద నాలుగు వేళ్ళంత జాగా ఉంది. పెన్ను తీశాను. ఇలా రాశాను.

"మూడు రోజులకు మించి కట్టకూడదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు అసలు కట్టకూడదు. నాలుగో రోజుకు తగ్గకపోతే ఆకు తీసేసి ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మాట సాయవ్వ నాకు మొదటి రోజే చెప్పింది. నేను రాయలేదు."

"సదువు," అంది.

చదివాను.

"గట్టిగ సదువు. బైట కూసున్నోళ్ళకు ఇనబడాలె."

అరుగు మీదికి వచ్చి, నిలబడి, గట్టిగా చదివాను. చివరి మాట మెల్లగా చదివితే సాయవ్వ లోపలి నుంచి "మల్ల సదువు" అంది. మళ్ళీ చదివాను. అప్పుడావిడ గడప దాటి వచ్చి, తువ్వాల చుట్టుకున్న మనిషి ముందు కూర్చుంది.

"ఎన్నొద్దులాయె పుండు?"

"పదకొండు," అన్నాడు అతను తల వంచుకుని.

"చక్కెర ఉన్నదా?"

అతను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"లే. చేవెళ్ళ బస్సొస్తది. గీ మేడం తోలుకపోతది."

తిరుగు బస్సు

అతని పేరు పెంటయ్య. పూలతోటలో కూలిపని చేస్తాడు. గులాబీ ముల్లు గుచ్చుకుని మొదలైందట. బస్సులో అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పాదం నా ఖాళీ థర్మోకోల్ పెట్టె మీద పెట్టించాను. ఊరు దాటాక అతను ఒకసారి అడిగాడు.

"మేడం, ఏలు తీసేస్తరా?"

"నాకు తెలియదన్నా," అన్నాను. తెలియదని చెప్పడం నాకు ఎంత ఆలస్యంగా వచ్చిందో అప్పుడు తెలిసింది.

చేవెళ్ళ దవాఖాన మలుపు వస్తుండగా అతను చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. చెమటకు మడతల దగ్గర చిరిగిపోతోంది. విప్పి నా ఒళ్ళో పెట్టాడు. మా కాలేజీ పేరు, గుండ్రటి సీలు, నా సంతకం.

"దీంట్ల గూడ రాయుండ్రి మేడం," అన్నాడు.

బస్సు కుదుపులకు అక్షరాలు వంకర్లు పోతున్నా, పటంలో రాసినదంతా మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాశాను.